ఓడ మల్లయ్యలు... బోడి మల్లయ్యలు!

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ సామెతకు గోదారి ఒడ్డున భద్రాచలం అంత సరిపోయే చోటు మరొకటి ఉండదేమో. ఐదేళ్లకోసారి రేవు దాటించమని వచ్చేవాళ్లు, దాటాక వెనక్కి చూడనివాళ్లు... ఎన్ని జెండాలను చూశారో ఈ జనం! అందుకే ఎన్నికల మాట ఎత్తితే చాలు, మన్యంలో పెదవి విరుపే ముందు కనిపిస్తుంది. ఏ రాయైతేనేం, పళ్లూడగొట్టుకోవడానికి!

ఈ జబ్బు మనకొక్కళ్లకే కాదు లెండి. మనకు పార్లమెంటరీ పద్ధతి నేర్పిన బ్రిటన్‌లోనూ ఉంది. అక్కడ 2024 జులైలో సాధారణ ఎన్నికలు జరిగాయి. దానికి ముందు నెలలో ఒక సర్వే ఫలితాలు వచ్చాయి. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, తన పార్టీ కంటే దేశాన్ని ముందు పెడుతుందంటే దాదాపు ఎప్పుడూ నమ్మలేమని 45 శాతం మంది చెప్పారు. అధికార పక్షం మీద కోపం ఉంది, ఎదుటి పక్షం మీద నమ్మకమూ లేదు. చివరికి లేబర్ పార్టీ మూడో వంతు ఓట్లతో దాదాపు మూడింట రెండొంతుల సీట్లు గెలిచింది. పోలింగ్ మాత్రం 60 శాతం దగ్గరే ఆగింది. నమ్మకం పోయినవాళ్లలో చాలామంది ఇంట్లోనే ఉండిపోయారన్నమాట.

మన దగ్గర కథ వేరు. ఇక్కడ జనం ఇంట్లో కూర్చోలేదు. ఓటే వాళ్లు వేసిన చోట కూర్చోలేదు!

2018 డిసెంబరు సంగతి గుర్తు తెచ్చుకోండి. రాష్ట్రమంతా టీఆర్ఎస్ గాలి. 119 సీట్లలో 88 ఆ పార్టీవే. ఉమ్మడి ఖమ్మం జిల్లా మాత్రం పదింటిలో ఒక్కటే ఇచ్చింది. కాంగ్రెస్‌కు ఆరు, తెలుగుదేశానికి రెండు, వైరాలో స్వతంత్రుడు. ఏం లాభం? 2019 జూన్ నాటికి కాంగ్రెస్ ఆరుగురిలో నలుగురు కారెక్కేశారు. శాసనసభాపక్షంలో మూడింట రెండొంతుల మంది కలిస్తే అది ఫిరాయింపు కాదు, 'విలీనం' అంటుంది చట్టం. అప్పటికి ఉన్న 18 మందిలో సరిగ్గా 12 మంది లెక్క కుదిరింది. తెలుగుదేశం ఇద్దరూ 2021లో అదే దారి పట్టారు. స్వతంత్రుడూ అటే వెళ్లారు. ఓటరు ఒక్కటిచ్చిన చోట పార్టీకి ఎనిమిది దక్కాయి!

జనం మరిచిపోయారనుకున్నారు. మరిచిపోలేదు. అలా మారిన ఏడుగురిలో ఒకరికి 2023లో టిక్కెట్టే రాలేదు. బరిలోకి దిగిన ఆరుగురికి ఆరుగురూ ఓడిపోయారు. మారని ఇద్దరిలో మధిర నుంచి భట్టి విక్రమార్క గెలిచి ఉప ముఖ్యమంత్రి అయ్యారు.

మారని రెండో మనిషి భద్రాచలం ఎమ్మెల్యే పొదెం వీరయ్య. ఆయన మాత్రం ఓడారు. జిల్లా అంతా బీఆర్ఎస్‌ను కాదంటే భద్రాచలం ఒక్కటే తెల్లం వెంకట్రావును ఆ పార్టీ గుర్తు మీద గెలిపించింది. మరి ఆ ఓటైనా నిలిచిందా? 2024 ఏప్రిల్‌లో ఆయన కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. ఫిరాయింపు పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకరుకు చెప్పాల్సి వచ్చింది. డిసెంబరులో ఆయన మీది పిటిషన్‌ను స్పీకరు కొట్టేశారు. చట్టం లెక్క అలా తేలింది. ఓటరు లెక్క ఇంకా తేలాల్సి ఉంది.

నాయకుడు పార్టీ మారడం ఒక ఎత్తు. ఊళ్లే రాష్ట్రం మారడం ఇంకో ఎత్తు. 2014 ఏప్రిల్ 30న కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం జనం భద్రాచలం ఎమ్మెల్యే కోసం ఓటేశారు. సీపీఎం నుంచి సున్నం రాజయ్య గెలిచారు. నెల తిరిగేసరికి పోలవరం ముంపు పేరుతో ఆర్డినెన్స్ వచ్చింది, ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వాళ్ల ఎమ్మెల్యే హైదరాబాద్ సభలో, వాళ్లు వేరే రాష్ట్రంలో! రాజయ్య సొంతూరు కూడా ఆ విలీన మండలాల్లోనే పడింది. కొత్త రాష్ట్రంలో మళ్లీ ఎమ్మెల్యేను ఎన్నుకోవడానికి వాళ్లు 2019 దాకా ఆగాల్సి వచ్చింది. ఏ పార్టీని అడిగినా వేలు ఢిల్లీ వైపు చూపించేది.

ఇక హామీల సంగతి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో పట్టాల పంపిణీ మొదలైంది, 2009లో ఎన్నికలు. మళ్లీ 2023 జూన్ 30న నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాల పంపిణీ మొదలైంది, నవంబరు 30న పోలింగ్. ప్రభుత్వాలు వేరు, ముహూర్తం ఒక్కటే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు ముంపు బాధితుల శాశ్వత రక్షణకు వెయ్యి కోట్లన్నారు ముఖ్యమంత్రి కేసీఆర్. వరద తీసింది. ఆ మాట మరుసటి ఏడాది ప్రతిపక్షాల ప్రచారంలో తేలింది.

ఇన్ని చూసినవాళ్లు పోలింగు రోజున తలుపేసుకుని పడుకోవాలి కదా? మావోయిస్టుల బహిష్కరణ పిలుపులు, సాయంత్రం నాలుగింటికే ముగిసే పోలింగు... ఇవన్నీ ఉన్న ప్రాంతం ఇది. అయినా 2023లో ఖమ్మం జిల్లాలో 80 శాతం మందికి పైగా ఓటేశారు. అదే రోజు హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా గడప దాటలేదు.

అంటే నమ్మకం లేకపోవడం వేరు, పట్టింపు లేకపోవడం వేరు. ఇక్కడివాళ్లు నాయకుణ్ని నమ్మి కాదు, లెక్క తేల్చడానికి క్యూలో నిలబడుతున్నారు. కాకపోతే ఆ లెక్క తేల్చే రోజు ఐదేళ్లకు ఒక్కటే. మధ్యలో వరద ఆగదు, పోడు తగువు ఆగదు.

అందుకే ఈసారి ఓటడగడానికి ఎవరొచ్చినా రోడ్డు, బోరు, పింఛను సంగతి తర్వాత అడగండి. ముందు ఒక్క ప్రశ్న వేయండి: "గెలిచాక తమరు ఏ పార్టీలో ఉంటారు?"