మసి అంటని చదువు

1998లో ఎమ్‌ఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ మొదలుపెట్టిన కోర్సులోంచే ఫ్యాబ్‌ల్యాబులు పుట్టాయి. కువైట్‌లోనూ ఒకటుంది, సబా అల్ అహ్మద్ సెంటర్ వాళ్ళది. సంతోషమే. యూనివర్సిటీలు కూడా మేకర్‌స్పేస్ అంటూ త్రీడీ ప్రింటర్లు, లేజర్ కట్టర్లు కొనుక్కోవచ్చు. కానీ నేర్పే చెయ్యేదీ?

నన్ను పిలవకండి. ఇన్నేళ్ళు కోడ్ రాశాను, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం రాదు. మా అబ్బాయి అడిగితే యూట్యూబ్ చూపించాను!

రాయచోటి, రాజంపేటల నుంచి వచ్చిన మనవాళ్ళు ఇక్కడ ఏసీలు విప్పి బిగిస్తున్నారు, వెల్డింగ్ చేస్తున్నారు. వాళ్ళని పిలవాలంటాను, గంటకింతని జీతమిచ్చి. యజమాని ఒప్పుకుంటే రోజుకు 4 గంటలు వేరేచోట పనిచేసుకోవచ్చని 2024 జనవరిలో కువైట్ అనుమతించింది కూడా. ఇక అడ్డం డిగ్రీ ఒక్కటే. ప్రొఫెసరు పక్కన మేస్త్రీకి కుర్చీ వేస్తారా?