మిర్చి వర్తకులు పాత ఖాతాలు తిరగవేయాలి

గుంటూరు మిర్చి యార్డుకు కొత్త పంట రాక ముమ్మరమయ్యే వేళకు వర్తకుల చూపంతా కొత్త కొనుగోలుదారులపైనే ఉంటుంది. ఏ రాష్ట్రం నుంచి కొత్త పార్టీ దిగింది, ఏ దేశం నుంచి ఆర్డరు రాగలదు అన్న వాకబే ఎక్కువ. ఏటా సరుకు తీసుకుపోయే పాత ఖాతాదారు ఎలాగూ వస్తాడులే అన్న ధీమా వారిది. అమ్మకాలు పెంచుకోదలచిన వర్తకునికి ఈ ధీమా మేలు చేయదు.

కొత్త పార్టీని సంపాదించడం ఖర్చుతో కూడిన పని. నమూనాలు పంపాలి, దళారీకి ముట్టజెప్పాలి, మనిషిని పంపి ఆరా తీయించాలి. ఇంతా చేసి సరుకు అరువుపై ఇస్తే సొమ్ము ఎన్నాళ్లకు చేతికి వస్తుందో తెలియదు. పాత ఖాతాదారు చెల్లింపు తీరు మాత్రం వర్తకుని చిట్టాలోనే ఉంది.

అయితే పాత ఖాతాదారుకు అవసరమైనదంతా ఒకే వర్తకుడు అమ్ముతున్నాడా అన్నది ప్రశ్న. కారం మిల్లు యజమాని ఘాటు కోసం తేజ కొంటాడు. రంగు కోసం బ్యాడిగ రకం కావాలి. అది మరో కొట్లో కొంటున్నాడంటే, మొదటి వర్తకుడు అడగకపోవడమే తరచు అందుకు కారణం. తొడిమ తీసిన కాయకు అదనపు ధర ఇవ్వడానికి సిద్ధపడే మిల్లులూ ఉన్నాయి. రంగును ఆస్టా యూనిట్లలోనూ, ఘాటును స్కోవిల్ యూనిట్లలోనూ కొలుస్తున్న ఈ రోజుల్లో ఏ ఖాతాదారుకు ఎంత రంగు, ఎంత ఘాటు కావాలో రాసి ఉంచుకోవడం కష్టమేమీ కాదు.

అడిగే అదను కూడా ముఖ్యమే. వేసవిలో యార్డుకు సెలవులు ఇచ్చాక వ్యాపారం శీతల గిడ్డంగులలోని నిల్వలపై సాగుతుంది. పాత ఖాతాదారు వద్ద సరుకు ఎప్పుడు అడుగంటుతుందో గత సంవత్సరాల చిట్టా చెబుతుంది. దానికి ముందే నమూనా, ధర పంపిన వర్తకునికే బేరం కుదిరే అవకాశం ఎక్కువ. నిల్వ త్వరగా కదిలితే గిడ్డంగి అద్దె, వడ్డీ భారం కూడా తగ్గుతాయి.

నమూనాకూ లోడుకూ తేడా వస్తే మాత్రం ఈ ప్రయత్నమంతా వృథా. 2003లో మిరప ఉత్పత్తులలో సుడాన్ రంగు బయటపడినప్పుడు, పరీక్షా పత్రం లేనిదే సరుకును రానివ్వబోమని ఐరోపా దేశాలు ఆంక్ష విధించాయి. కల్తీ చేసినవారు కొందరే అయినా పరీక్షల భారం ఎగుమతిదారులందరిపైనా పడింది. దేశంలోని ఖాతాదారు పత్రం అడగకపోవచ్చు. పై వరుసలో మంచి కాయ, అడుగున తాలు కలిసిన టిక్కీ ఒక్కటి చాలు, చెప్పకుండానే కొట్టు మార్చేస్తాడు.

పాతవారినే నమ్ముకుంటే ముప్పు లేదా అని అడిగేవారు ఉండవచ్చు. పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న గుంటూరుకు ఆ సంగతి కొత్త కాదు. వర్జీనియా పొగాకుకు ప్రధాన కొనుగోలుదారుగా ఉన్న సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైనప్పుడు ఎగుమతిదారులతో పాటు రైతులూ దెబ్బతిన్నారు. ఇటీవలి సంవత్సరాలలో తేజకు చైనా పెద్ద కొనుగోలుదారు అయినందున మిర్చి వర్తకులూ దీనిని గుర్తుంచుకోవాలి. ఒక్కరిపై ఆధారపడడం వేరు, పాత ఖాతాదారులు పదిమందికీ మరికొంత అమ్మడం వేరు. ఆ పదిమంది గిరాకీ నిలకడగా ఉన్నప్పుడే యార్డులో రైతు టిక్కీకి పోటీ ఉంటుంది.

కనుక వర్తకులు సీజనుకు ముందే గత 3 సంవత్సరాల ఖాతాలు తిరగవేయడం మంచిది. కొనుగోలు తగ్గించినవారి పేర్లు, పూర్తిగా మానుకున్నవారి పేర్లు విడిగా రాసుకుని, కారణమేమిటో ఫోనులోనైనా అడిగి తెలుసుకోవాలి. ధర కుదరలేదన్నవారిని వదిలివేసినా, సరుకు బాగాలేదన్నవారికి ముందుగా కొత్త నమూనా వెళ్లాలి.