మామునూరు వాటాలు, గడువులు ప్రజల ముందుంచాలి



ఖిలా వరంగల్ మండలంలోని మామునూరులో 1930లో నిజాం ప్రభుత్వం నిర్మించగా 1981 వరకు వాడుకలో ఉన్న విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. హర్షించదగిన ఈ నిర్ణయం ఇంత ఆలస్యం కావడానికి గల కారణాల్లో ఒకటి, మౌలిక వసతుల కల్పనలో ప్రభుత్వాలు ప్రైవేటు సంస్థలతో చేసుకునే ఒప్పందాల తీరును సమీక్షించవలసిన అవసరాన్ని చూపుతోంది.

శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కుదిరిన రాయితీ ఒప్పందం, అంటే ప్రజల ఆస్తిని నిర్మించి నిర్ణీత కాలం నిర్వహించే హక్కును ప్రైవేటు సంస్థకు అప్పగించే ఒడంబడిక, ఆ విమానాశ్రయం మొదలైన నాటి నుంచి 25 ఏళ్లపాటు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకుండా షరతు విధించింది. భారీ పెట్టుబడి పెట్టే సంస్థ పోటీ నుంచి కొంత రక్షణ కోరడం సహజమే అయినా, భూమితో పాటు వడ్డీలేని రుణాన్నీ సమకూర్చిన ప్రభుత్వం, ఆ పరిధిలో ఉన్నందున షరతు భారం మోయవలసిన వరంగల్ ప్రాంత ప్రయోజనాన్ని ఆనాడే లెక్కలోకి తీసుకొని ఉండవలసింది. చివరకు ఆ సంస్థ మామునూరుకు మాత్రం మినహాయింపునకు అంగీకరించిన తరువాతే మార్గం సుగమమైంది.

2024 నాటికి మామునూరులో విమానాశ్రయాల ప్రాధికార సంస్థ చేతిలో 696 ఎకరాలుండగా, మరో 280 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. భూమి రాష్ట్రానిది, నిర్మాణం కేంద్ర సంస్థది అనే ఈ పంపకం సబబే గాని, ఎవరి పని ఏ తేదీకి ముగియాలో, జాప్యమైతే పెరిగే వ్యయాన్ని ఎవరు భరించాలో ప్రజలకు స్పష్టంగా తెలిసినప్పుడే జవాబుదారీతనం ఉంటుంది.

ఇందుకు నమూనా జాతీయ రహదారుల రంగంలోనే ఉంది. 2016 నుంచి అమలవుతున్న హైబ్రిడ్ యాన్యుటీ విధానంలో నిర్మాణ వ్యయంలో 40 శాతాన్ని ప్రభుత్వం పని పురోగతిని బట్టి దశలవారీగా చెల్లిస్తుంది. మిగిలిన 60 శాతాన్ని గుత్తేదారు సమకూర్చుకుంటే, రహదారి పూర్తయ్యాక దాన్ని వడ్డీతో సహా వాయిదాల్లో తిరిగి ఇస్తుంది. ఈ పద్ధతిలో ఎవరి వాటా ఎంతో, అది ఎప్పుడు చెల్లించాలో ముందే నిర్ణయమై ఉంటుంది.

కాబట్టి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు మామునూరు విషయంలో వాటాలనూ గడువులనూ నిర్దేశించే ఒప్పంద పత్రాన్ని తెలుగులో ప్రచురించాలి. పనులు మొదలు కాకముందే భూమి ఇచ్చే రైతులకు పూర్తి పరిహారం చెల్లించాలి. ఇకముందు ఇతర జిల్లాల అవకాశాలను కట్టడి చేసే ఏ షరతునైనా శాసనసభలో చర్చించిన తరువాతే ఆమోదించాలి.

– ఒక పాఠకుడు, ఖిలా వరంగల్