కాంటాక్ట్ లెన్సులు: పొదుపు ఎక్కడ చేయవచ్చు? ఎక్కడ చేయకూడదు?

ప్రశ్న: నా వయసు 23. ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. రెండు కళ్ళకూ మైనస్ 5 పవరు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అద్దాలు తీసేసి లెన్సులు పెట్టుకోమని అమ్మ ఒకటే పోరు. కళ్ళజోళ్ళ షాపులో ఏడాదిపాటు వాడుకునే లెన్సులు చవక అన్నారు. సెల్‌ఫోనులో ఆర్డరిస్తే ఇంకా తక్కువకు వస్తాయని తమ్ముడు అంటున్నాడు. మా పిన్ని కూతురు తను నాలుగుసార్లే వాడిన లెన్సులు ఊరికే ఇస్తానంటోంది. నాన్నగారి సంపాదన అంతంత మాత్రం. కంట్లో నలుసు పడ్డట్టు బాధించకుండా, ఎక్కువ ఖర్చు కాకుండా ఉండే లెన్సు ఏది?
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: చివరి సంగతి ముందు చెబుతాను. మీ పిన్ని కూతురి లెన్సులు పుచ్చుకోకండి. ఒకరు వాడిన లెన్సు మరొకరు పెట్టుకోవడమంటే ఒకరి కంట్లోని సూక్ష్మక్రిములను మరొకరి కంట్లో వేసుకోవడమే. ఒక్కసారి వాడినదైనా అంతే.

కంటి నల్లగుడ్డు మీద గాజులా మెరిసే పొరను కార్నియా అంటాం. దానిలో రక్తనాళాలు ఉండవు. ఉంటే చూపుకు అడ్డం వస్తాయి. అందుకని అది తనకు కావలసిన ప్రాణవాయువును చాలావరకు గాలి నుంచే, కన్నీటి పొర ద్వారా తీసుకుంటుంది. లెన్సు కూర్చునేది సరిగ్గా ఆ పొర మీదే. గాలి ఆడని లెన్సు, కొలత కుదరని లెన్సు, రాత్రి తీయకుండా పడుకున్న లెన్సు, ఇవన్నీ కార్నియాకు ఊపిరాడకుండా చేసేవే. అలా నీరసించిన కార్నియా మీద క్రిములు చేరితే పుండు పడుతుంది. పుండు మానినా మచ్చ మిగలవచ్చు. ఆ మచ్చ చూపుకు ఎదురుగా ఉంటే ఏ కళ్ళజోడూ దాన్ని సరిచేయలేదు. లెన్సు కొనేముందు గుర్తుంచుకోవలసింది ఇదే.

ఇక రకాల సంగతి. 1961లో చెక్ శాస్త్రజ్ఞుడు ఒట్టో విక్టర్లే నీరు పీల్చుకునే మెత్తని పదార్థంతో లెన్సు తయారుచేశాడు. ఇప్పుడు మెత్తని లెన్సులు అంటున్నవి ఆ వంశానివే. 1990ల చివర సిలికాన్ హైడ్రోజెల్ అనే రకం వచ్చింది. ఇది ప్రాణవాయువును పాతవాటికంటే బాగా పోనిస్తుంది. రోజూ చాలా గంటలు పెట్టుకునేవారికి ఈ రకం మేలు. గాలిని పోనిచ్చే గట్టి లెన్సులు మరొక తరహా. జాగ్రత్తగా వాడితే ఒక్క జత ఏడాదికి పైగా వస్తుంది. కార్నియా ఆకారం బాగా వంకరగా ఉన్నవారికి వీటితోనే స్పష్టంగా కనిపిస్తుంది. కాని అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. స్కూటరు మీద వెళ్ళేటప్పుడు దుమ్ము కిందికి చేరితే కంట్లో సూది గుచ్చినట్టుంటుంది. మీ అవసరానికి మెత్తని లెన్సులే సరిపోవచ్చు.

మెత్తనివాటిలో ఒక్కరోజుకే పారేసేవి, నెలకు పారేసేవి, ఏడాది వాడేవి అని ఉన్నాయి. కొనేటప్పుడు “లెన్సు ధర ఎంత?” అని అడగకండి. “నా వాడకానికి ఏడాది మొత్తం ఎంతవుతుంది?” అని అడగండి. లెన్సులు, శుభ్రం చేసే ద్రావణం, డబ్బీ, డాక్టరు పరీక్ష అన్నీ కలిపి లెక్క వేయాలి.

ఉదాహరణకు మీరు శుభకార్యాలకు, చూపులకు నెలకు రెండు రోజులే పెట్టుకుంటారనుకుందాం. ఏడాదికి 24 రోజులు, 48 ఒక్కరోజు లెన్సులు. 30 ఉండే పెట్టెలు రెండు చాలు. ద్రావణం అక్కర్లేదు, డబ్బీ అక్కర్లేదు. రెండు కళ్ళకూ లెన్సు పవరు, కొలతలు ఒకటే అయితే ఒకే పెట్టెలోవి రెండు కళ్ళకూ వాడవచ్చు. అదే రోజూ స్కూలుకు పెట్టుకుంటానంటే 730 లెన్సులు, అంటే 25 పెట్టెలు కావాలి. అప్పుడు నెల లెన్సులే కలిసొస్తాయి. ఏడాదికి 24 లెన్సులు, ద్రావణం. అయితే నెల లెన్సు మూత తీసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. నాలుగు రోజులే పెట్టుకున్నాను కదా అని రెండో నెలకు సాగదీయకూడదు. కనుక అప్పుడప్పుడు వాడేవారికి ఒక్కరోజు లెన్సు, రోజూ వాడేవారికి నెల లెన్సు సాధారణంగా పొదుపు.

ఏడాది లెన్సు కొనేనాడు చవకే. కాని ఏడాది పొడుగునా దానిమీద కన్నీటిలోని మాంసకృత్తులు, కొవ్వు పేరుకుంటూనే ఉంటాయి. కన్ను దురద, ఎరుపు మొదలవుతాయి. శుభ్రం చేయడంలో ఒక్కరోజు కూడా బద్ధకించని వారికే అది తగుతుంది.

సుఖంగా ఉండడమన్నది లెన్సు ధరను బట్టి రాదు, కొలతను బట్టి వస్తుంది. కళ్ళజోడు చీటీ చూపి లెన్సు కొనకూడదు. లెన్సు కంటికి ఆనుకుని ఉంటుంది కాబట్టి పవరు మారుతుంది. జోడులో మైనస్ 5 అయితే లెన్సులో సుమారు మైనస్ 4.75 సరిపోతుంది. దానితోపాటు లెన్సు వంపు, వెడల్పు చూడాలి. బిగుతైతే కన్ను ఎర్రబడుతుంది, వదులైతే రెప్ప వేసినప్పుడల్లా జారుతుంది. కన్నీరు తక్కువగా ఊరే కళ్ళకు మన ఎండాకాలపు పొడిగాలిలో, ఫ్యాను కింద, ఏసీ బస్సులో లెన్సు అతుక్కుపోయినట్టుంటుంది. కనుక ముందు తిరుపతి రుయా ఆస్పత్రి కంటి విభాగంలోనో, మరొక కంటి ఆస్పత్రిలోనో పరీక్ష చేయించుకోండి. లెన్సు అమర్చేచోట నమూనా జత పెట్టి, అరగంట కూర్చోబెట్టి, మళ్ళీ చూడమనండి. పవరు, వంపు, వెడల్పు, కంపెనీ రకం కాగితం మీద రాయించుకోండి. పెట్టడం, తీయడం మీ చేతులతో వచ్చేదాకా ఇంటికి రాకండి.

ఆ కాగితం చేతిలో ఉంటే మీ తమ్ముడి మాట వినవచ్చు. అదే కంపెనీ, అదే రకం, అవే కొలతలు, సీలు, గడువు తేదీ సరిచూసుకుని ఎక్కడ తక్కువైతే అక్కడ కొనుక్కోండి. పొదుపు చేయవలసిన చోటు ఇది.

పొదుపు చేయకూడని చోట్లు ఇవి. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోవాలి. ద్రావణం వేసి అరచేతిలో వేలితో రుద్ది కడగాలి. డబ్బీలో నిన్నటి ద్రావణం పారబోసి కొత్తది పోయాలి, పాతదాని మీద పోయకూడదు. డబ్బీ మూడు నెలలకోసారి మార్చాలి. ద్రావణం సీసా తెరిచాక ఎన్నాళ్ళు వాడవచ్చో దానిమీదే ఉంటుంది. ఉప్పునీళ్ళు ఇంట్లో కలుపుకోవడం, ఉమ్ముతో తడపడం పనికిరాదు. 1980ల మధ్యలో అమెరికాలో ఇంట్లో కలుపుకున్న ఉప్పు ద్రావణం వాడినవారిలో కొందరికి అకాంతమీబా అనే క్రిమి వల్ల కంటిపుండ్లు వచ్చాయి. ఈ క్రిమి కొళాయి నీటిలో, బావిలో, చెరువులో, కోనేటిలో ఎక్కడైనా ఉండగలదు. కనుక ఇంట్లో తలంటుకున్నా, కార్తీకంలో పంచమీ తీర్థానికి పద్మ సరోవరంలో మునిగినా, ముందు లెన్సులు తీసేయాలి.

నిద్రపోయేముందు తీసేయాలి. పెళ్ళిరోజు ముహూర్తం తెల్లవారుజామునైతే రాత్రంతా లెన్సులతో ఉండకుండా పీటల మీద కూర్చునేముందు పెట్టుకోండి. కాటుక లెన్సు పెట్టాక దిద్దుకోండి. హోమం పొగకు కళ్ళు మండితే నలపకండి, తీసేసి జోడు పెట్టుకోండి. మీ సరైన పవరు జోడు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, నీరు కారి, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకైనా వెంటనే లెన్సు తీసి అదేరోజు కంటిడాక్టరు దగ్గరకు వెళ్ళండి. లెన్సును, డబ్బీని పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, పరీక్షకు పనికొస్తాయి. మందుల షాపులో అడిగి స్టీరాయిడ్ చుక్కలు వేసుకోకండి. తల్లిపాలు, నందివర్ధనం రసం పిండకండి.

మీ అమ్మగారికి ఒక మాట. చూపులనాడు అమ్మాయి లెన్సులు పెట్టుకుంటే తప్పులేదు. పవరు ఉన్న సంగతి మాత్రం వాళ్ళకు ముందే చెప్పండి. దాచిపెడితే ఆ అమ్మాయి అత్తవారింట్లో రాత్రి లెన్సు తీయడానికి జంకి, వాటితోనే నిద్రపోతుంది. తెలిసిన ఇంట్లో అయితే తీసి డబ్బీలో పెట్టి, జోడు తగిలించుకుని నిశ్చింతగా తిరుగుతుంది.