బీడీ కూలి ఎవరి చేతికి చేరుచున్నది?



రొక్కము లేని చెల్లింపులు దేశమంతట వ్యాపించినవని తరచు వార్తలు వచ్చుచున్నవి. అందులో అతిశయోక్తి లేదు. 2016లో ఆరంభమైన యూపీఐ పద్ధతిన 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు మించి చెల్లింపులు జరిగినవి. షోలాపూరు తూర్పు భాగమున మన తెలుగు నేతపనివారి పేటలలో కూరగాయల బండిమీద గూడ క్యూఆర్ కోడ్ అట్ట వ్రేలాడుచున్నది. చిల్లర బాధ తగ్గినది. 2020 జనవరి నుండి ఈ చెల్లింపులపై వర్తకుల వద్ద రుసుము లేకపోవుట చిన్న కొట్లకు మేలైనది. ఇంతవరకు సంతోషమే.

అయితే డబ్బు ఖర్చగు వైపు చూచినంతగా, కూలి వచ్చు వైపు ఎవరును చూచుట లేదు. మన పేటలలో మగవారు దుప్పట్లు, తువాళ్లు నేయుచుండగా, వేలకొలది స్త్రీలు బీడీలు చుట్టి సంసారములు ఈడ్చుకొని వచ్చుచున్నారు. కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీలకై కట్టిన 10,000 ఇండ్లు 2006లో వారికి అందినవి. వానిలో వారి వాటాసొమ్ము రెక్కల కష్టము నుండియే వచ్చినది. వారపు కూలి రొక్కముగా తన చేతిలో పడుటచేతనే ఆమె ఇంటి అద్దె, పిల్లల ఫీజు, చీటీ వాయిదా ముందుగా తీసిపెట్టగలిగినది.

చట్టము మారినది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టము నాణెములుగనో నోట్లుగనో కూలి ఇమ్మన్నది. 1976లో కార్మికుని వ్రాతపూర్వక సమ్మతితో బ్యాంకు ద్వారా ఈయవచ్చునన్నారు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయిన పిమ్మట, 2017 సవరణతో ఆ సమ్మతియు అక్కరలేకపోయినది. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన వేతనాల కోడ్ గూడ బ్యాంకు, ఎలక్ట్రానిక్ చెల్లింపులను అనుమతించినది.

ఖాతా వలన లాభము లేకపోలేదు. ఇచ్చినదానికి ఆధారముండును, అప్పు పుట్టుటకు అక్కరకు వచ్చును. కాని ఖాతాలో పడునది ఒక్క అంకె మాత్రమే. ఎన్ని బీడీలు బాగుండలేదని తీసివేసినారో, ఆకు తరుగు క్రింద ఎంత కోసినారో అది చెప్పదు. ఇక ఖాతా ఆమె పేరనున్నను, ఫోను, రహస్య సంఖ్య భర్తవద్దనో కొడుకువద్దనో ఉన్నచో, ఆ సొమ్ముపై పెత్తనము ఎవరిది? బ్యాంకుకు పోయి నిలబడిన పూట చుట్టని బీడీలకు కూలి లేదు. వేలిముద్రతో తీసికొందమన్న, ఏండ్ల తరబడి ఆకు రాసి గీతలరిగిన వేళ్లను యంత్రము గుర్తింపకపోవుట కలదు.

కావున మూడు పనులు జరుగవలెను. కూలి పడినప్పుడెల్ల బీడీల లెక్క, కోతలు చూపు చీటీ ఈయవలెను. వేతన చీటీ ఇమ్మని కొత్త కోడే చెప్పుచున్నది. కూలిరోజున బ్యాంకు ప్రతినిధులు పేటలకే వచ్చి రొక్కము ఈయవలెను. మామూలు ఫోనుతోనే చెల్లింపు జరుపు యూపీఐ 123పే 2022 మార్చిలోనే వచ్చినది. దానిని కార్మిక సంఘములు, బ్యాంకులు కలిసి తెలుగున, మరాఠీలో ఈ స్త్రీలకు నేర్పవలెను.

నాలుగవది మన ఇండ్లలో జరుగవలసినది. తల్లి కూలి తల్లి ఫోనుకే రానిండు. రహస్య సంఖ్య ఆమెకే తెలిసియుండనిండు. ఇందుకు ఏ చట్టమును అక్కరలేదు.

ఇట్లు,
ఒక నేతపనివాడు,
అశోక్ చౌక్, షోలాపూరు.