పోటీకి పంపిన కథ

పిల్లలూ,

ఈ నెల మీకు ఒక అమ్మాయిని గురించి చెబుతాను. ఆ పిల్ల ఏడో తరగతి చదువుతున్నది. వాళ్ళ ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. ఒక సాయంత్రం మొహం చిన్నబుచ్చుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నది.

"ఏమ్మా, ఏమయింది?" అని అడిగాను.

"తాతయ్యా, ఇంటర్నెట్‌లో పెట్టే కథల పోటీలకు నాలుగుసార్లు పంపాను. ఒక్కదానికీ బహుమతి రాలేదు. రాని బహుమతికోసం ఈ తంటా ఎందుకు, ఆ వేళకు లెక్కలు చేసుకోరాదా అంటున్నది అమ్మ. ఇక మానెయ్యనా?" అన్నది.

న్యాయమైన ప్రశ్నే! "ముందు ఆ నాలుగు కథలూ తెచ్చి చూపించు," అన్నాను. ఆ పిల్ల ఇంటికి పరిగెత్తింది. అది తిరిగి వచ్చే లోపల మీకు ఒక పాత పోటీ సంగతి చెబుతాను.

1815 ఏప్రిల్‌లో ఇండొనేషియాలోని సుంబావా దీవిలో తంబోరా అనే అగ్నిపర్వతం బద్దలయింది. అందులోనుంచి లేచిన గంధకపు వాయువు ఆకాశంలో చాలా ఎత్తుకు పోయి, అతి సన్నని తుంపరలుగా మారి, భూమి చుట్టూ పరదాలాగా కమ్ముకున్నది. సూర్యుడి వేడి కొంత అడ్డుపడి పోయింది. అందుచేత 1816లో యూరప్‌లో ఎండాకాలం ఎండాకాలంలా లేదు. ఎడతెగని వానలు, చలి. చాలాచోట్ల పంటలు పాడయినాయి.

ఆ వానల్లో స్విట్జర్లండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున కొందరు ఇంగ్లీషువాళ్ళు బయటికి పోలేక, ఒక ఇంట్లో చేరి దయ్యాల కథలు చదువుకుంటున్నారు. వారిలో బైరన్, షెల్లీ అనే కవులు ఉన్నారు. మేరీ అనే 18 ఏళ్ళ అమ్మాయి కూడా ఉన్నది. తలా ఒక దయ్యం కథ రాయాలని బైరన్ పోటీ పెట్టాడు. కవులు ఇద్దరూ వెంటనే మొదలుపెట్టారు. మేరీకి మాత్రం ఎంత ఆలోచించినా కథ తోచలేదు. రోజూ పొద్దున్నే కథ తట్టిందా అని అడుగుతుంటే లేదని చెప్పుకోవలసి వచ్చేది. చివరకు ఒక రాత్రి నిద్రపట్టక పడుకుని ఉండగా ఆమెకు కథ తట్టింది.

తరవాత ఏమయిందో తెలుసా? కవులు ఇద్దరూ తమ కథలను మధ్యలోనే వదిలేశారు. మేరీ మాత్రం వదలలేదు. ఆమె కథ పెరిగి పెద్ద నవల అయింది. 1818లో అచ్చయింది. అదే "ఫ్రాంకెన్‌స్టైన్". రెండు వందల ఏళ్ళు దాటినా లోకం ఇంకా దాన్ని చదువుతూనే ఉన్నది.

ఆ పోటీకి బహుమతి లేదు, తీర్పు చెప్పేవారూ లేరు. మొదలుపెట్టిన కథ పూర్తి కావటమే మేరీకి దక్కిన లాభం!

అంతలో మన అమ్మాయి కాగితాలు తీసుకుని వచ్చింది. ఇద్దరం కూర్చుని చదివాము.

మొదటి కథ గడువు చివరి రోజున రాసింది. అందులో రాకుమారుడు ఏడు సముద్రాలు దాటిపోయాడు. వాణ్ణి తిరిగి తీసుకురావటానికి వేళ చాలలేదు. "ఇంతలో మెలకువ వచ్చింది" అని ముగించేసింది! రెండో కథ 500 మాటలకు మించరాదని నియమం. ఈ పిల్ల 900 మాటలు రాసింది. ఏంచేయాలో తెలియక తోక కోసేసింది. మూడో కథ మాత్రం పదిరోజులు ముందుగా మొదలుపెట్టింది. అక్కరలేని వర్ణనలు తానే కొట్టేసింది. ఆ కథకు మొదలు, నడుమ, చివర అన్నీ ఉన్నాయి.

"చూశావా? మొదటి కథ రాసిన పిల్లా, మూడో కథ రాసిన పిల్లా ఒకరేనంటే ఎవరైనా నమ్ముతారా? ఇది నీకు ఎవరు నేర్పారు?" అన్నాను.

ఎవరూ నేర్పలేదు. గడువు నేర్పింది, మాటల లెక్క నేర్పింది. గడువు లేకపోతే మనం కథను "రేపు" అంటూ ఏడాది సాగదీస్తాము. లెక్క లేకపోతే తోచిందల్లా కూరుతాము.

పోటీవల్ల ఇంకొక మేలు కూడా ఉన్నది. మన ఇంట్లోవాళ్ళు మన కథను ప్రేమకొద్దీ మెచ్చుకుంటారు. పోటీలో చదివేవారు మనల్ని ఎరగరు. వారికి అర్థం కావాలంటే అంతా కాగితం మీదనే ఉండాలి. 1952లో అమెరికాలో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీ పెట్టింది. అందులో మన పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన"కు రెండో బహుమతి వచ్చింది. గోదావరి సీమలో పుట్టిన రచయిత కథ సముద్రాల అవతలివారి మనసు తాకింది. మొదటి బహుమతి ఎవరిదని అడిగితే మనలో చెప్పగలవారు ఎందరు? "గాలివాన"ను మాత్రం మరిచిపోలేదు.

ఇప్పుడు కథ పంపటానికి తపాలా బిళ్ళ కూడా అక్కరలేదు. పిల్లల వ్యాసాలకు 1883 నుంచి పోటీ నడుపుతున్న రాయల్ కామన్‌వెల్త్ సొసైటీ కూడా ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారానే వ్యాసాలు తీసుకుంటున్నది. అది ఇంగ్లీషులో రాసేవారికి. తెలుగులో రాసేవారు యూనికోడ్ అక్షరాలలో టైపు చేయాలి. ఈ పద్ధతిలో ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకటే అంకె. మన "క" అంకె 3093. అందుకనే మీరు ఏలూరులో కొట్టిన "క" డల్లాస్‌లో కూడా "క"గానే కనిపిస్తుంది.

అయితే కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. పోటీ పత్రాన్ని అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకునే నింపండి. డబ్బు కట్టమన్నా, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పమన్నా అక్కడే ఆగి పెద్దవాళ్ళకు చూపండి. గడువు ఏ దేశపు గడియారం ప్రకారమో చూసుకోండి. పంపిన కథ మీద హక్కు ఎవరిదో కూడా చదవండి. ఇక, యంత్రం చేత కథ రాయించి పంపటం పరుగు పందెంలో మోటారుసైకిలు ఎక్కటం లాంటిది. కప్పు వచ్చినా కాళ్ళకు బలం రాదు.

ఇక నాలుగో కథ. అది 300 మాటలు మాత్రమే. ఒక అమ్మ పండుగ ముందు రాత్రి పొద్దుపోయేదాకా ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతుంది. కూతురికి మెలకువ వస్తుందని కుట్టుమిషను మెల్లిగా తొక్కుతుంది. ఆ కూతురు నిద్రపోలేదు. అమ్మ కష్టపడకుండా ఉండాలని నిద్ర నటిస్తూ పడుకున్నది. కథ అంతే.

చదివి కాసేపు నేను ఏమీ మాట్లాడలేదు. "ఇది మీ అమ్మ చదివిందా?" అని అడిగాను.

"లేదు. బహుమతి వస్తే చూపిద్దామనుకున్నాను," అన్నది.

"ఇవాళే చూపించు," అన్నాను.

మర్నాడు ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. "బాబాయిగారూ, అది ఆ రాత్రంతా మెలకువగానే ఉన్నదట!" అని కళ్ళు తుడుచుకున్నది. తరవాత, "వచ్చే పోటీకి గడువు ఎప్పుడో కాస్త చూసి చెప్పండి. లెక్కలు అయిన తరవాత కూర్చుంటుంది," అన్నది.

అయిదో కథ తయారవుతున్నది. దానికి బహుమతి వస్తుందో రాదో నేను చెప్పలేను. పిల్లలూ, మీరు సగంలో వదిలేసిన కథ ఏదైనా ఉంటే ఇవాళే బయటికి తీయండి. పూర్తిచేశాక ముందు ఇంట్లో చదివి వినిపించండి. తరవాతనే పోటీకి పంపండి.

మీ తాతయ్య