రేనాటి వార్త, తాళ్లపాక పాట

2023లో మన రేడియో సంస్థ ఆంగ్ల నామమును విడిచి, ఆకాశవాణి అను ఒక్క పేరునే నిలుపుకొన్నది. పేరు మనదైనది, సంతోషమే. కాని ఆ పేరుతో వినవచ్చు గొంతు ఏ ఊరిది అను ప్రశ్న మిగిలియున్నది. దేశమున పలుచోట్ల మధ్యతరంగ ప్రసారిణులు మూతపడినవి. ఎఫ్.ఎం. ధ్వని స్వచ్ఛమైనదే గాని, దాని పరిధి చిన్నది. కొండ అడ్డమైనచో ఆగును. ప్రాంతీయ కేంద్రములు తమ సొంత కార్యక్రమములను ఎంతకాలము నిలుపుకొనగలవు అను చింత శ్రోతలకు కలుగుట సహజము. కడప, కర్నూలు సీమలవారికి ఈ చింత మరికొంత ఎక్కువగా నుండవలసినదే.

ఏలయన, ఈ సీమకు తన గొంతు తనకు ఆలస్యముగా దక్కినది. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను వెలసినవి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని అయినది. గుడారములలో కచేరీలు నడిచినవి, మంత్రులు వచ్చిరి, పత్రికా విలేకరులు వచ్చిరి. రేడియో కేంద్రము మాత్రము రాలేదు. మూడేండ్లు రాజధానిగా నున్న పట్టణము తన వార్తను పొరుగూరి కేంద్రమునుండి వినవలసివచ్చినది. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము తెరచినప్పుడు గాని సీమ మాట, సీమ యాసతో, సీమ గాలిలో వినబడలేదు.

అంతకు ముందు ఇచ్చటి వార్తలకు వాహనమేది? పాటయే. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేసినాడు. 1847 ఫిబ్రవరి 22న అచ్చటనే ఆయనను ఉరితీసిరి. ఆయన తలను కోటగుమ్మమునకు వ్రేలాడదీసి, ఏండ్ల తరబడి అట్లే ఉంచిరి. ఆ తల చెప్పవలసిన వార్త ఒకటి, దాని క్రింద నడచిపోయిన జనము చెప్పుకొన్న వార్త మరొకటి. కుంపిణీవారి కాగితములలో ఈ ఉదంతము భరణము, ఈనాములు, ఆస్తి, తిరుగుబాటు అను మాటలతో నడచును. నెలకు పదకొండు రూపాయల చిల్లర భరణము. దానికై జరిగిన తగవు. తందాన కథలోను, చెక్కభజనలోను నిలిచినది భరణపు మొత్తము కాదు. దానికొఱకు పోయినవానిని తహసీలుదారు త్రిప్పి పంపిన అవమానము. రూపాయల లెక్క ఒకరు వ్రాసిరి, మానము లెక్క మరియొకరు పాడిరి. పాటనే చరిత్ర యని నమ్ముమని నా వాదము కాదు. పాడువానికి వీరుడెప్పుడును ఆజానుబాహువే. ఈనాముల వివాదము వంటి పొడి విషయములు వాని తాళమునకు ఒదుగవు. అయినను ఆ కాగితములు మాత్రమే మిగిలియున్నచో మనకు తెలియునది సగమే. అదే ఉయ్యాలవాడలోని బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువులో పెట్టిన అన్నము సైతము భిక్షుక గాయకుల నోటనే ఊరూరు తిరిగినది. తంగిరాల వెంకట సుబ్బారావుగారు ఈ ఇరువురిని 'రేనాటి సూర్యచంద్రులు' అని పేర్కొనుట సముచితము.

దీనికి ఎదురుగా తాళ్లపాకను నిలిపి చూడవలెను. అన్నమాచార్యుని కీర్తనలు రాగిరేకులకెక్కినవి. రాజాశ్రయము, ఆలయాశ్రయము రెండును వానికి కలవు. శతాబ్దముల తరువాత తిరుమలలోని భాండారమునుండి ఆ రేకులు వెలికివచ్చినప్పుడు సాహిత్యము ఉన్నది, రాగము పేరు ఉన్నది. వరుస మాత్రము లేదు. స్వరము చెక్కినవారు లేరు, పాడుకొనుచు అందించిన పరంపర తెగినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు వానికి క్రొత్తగా స్వరములు కూర్చవలసివచ్చినది. నేడు మనము వినునది పదిహేనవ శతాబ్దపు మాట, ఇరువదవ శతాబ్దపు పాట. రాగిరేకు లేని రేనాటి పదము వరుసతో సహా బ్రతికినది. రాగిరేకుపై నున్న కీర్తన వరుసను పోగొట్టుకొన్నది.

ఇరువదవ శతాబ్దమున సీమ వార్త నోటినుండి అచ్చులోనికి మారినది. అచ్చుయంత్రములు ఎక్కువగా మద్రాసు, బెజవాడలలో నుండెను. సీమనుండి అచ్చటికి చేరదగిన వార్త కరువే. 1952లో గంజి కేంద్రములు వెలసినప్పుడు పత్రికలు వ్రాసినవి. వాన పడినపిమ్మట మానినవి. పాత్రికేయుడైన విద్వాన్ విశ్వంగారు ఆ బ్రతుకును 'పెన్నేటి పాట'గా వ్రాసిరి గనుక అది నేటికిని చదువబడుచున్నది. తరువాత చలనచిత్రముల వంతు వచ్చినది. 1999లో 'సమరసింహారెడ్డి' నెగ్గినది మొదలు సీమ యనగా బాంబులు, సుమోలు. 2019లో నరసింహారెడ్డి కథయే కోట్ల వ్యయముతో తెరకెక్కినది. వీరుడు దేశమంతటికి తెలిసెను. చెక్కభజనవాని పాట ఎవరికి తెలిసెను?

కావున కడప కేంద్రపు ధ్వనిముద్రికల విషయము ఒక కార్యాలయపు బీరువా విషయము కాదు. ఆరు దశాబ్దములుగా అచ్చట పాడిన పల్లె గాయకులలో పలువురు గతించియుందురు. ఏ యేట, ఏ ఊరివారు, ఏ పదము పాడిరి అను జాబితాను ముందుగా ప్రకటింపవలెను. పిమ్మట ఆ ముద్రికల నకళ్లను యోగి వేమన విశ్వవిద్యాలయమునకును, బ్రౌన్ గ్రంథాలయమునకును ఇచ్చి, అడిగినవారికెల్ల వినిపింపవలెను. ఇది పెద్ద వ్యయము కాదు. ఒక సాగునీటి పథకపు శంకుస్థాపన సభకైన ఖర్చులో స్వల్పభాగము చాలును.

మరియొక చిక్కు కలదు. నరసింహారెడ్డి ఉరికంబమెక్కిన నాడు ఉయ్యాలవాడ కడప జిల్లాలోనిది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 2022 ఏప్రిల్ నుండి అది నంద్యాల జిల్లాలోనిది. పాట మాత్రము కోయిలకుంట్ల, జమ్మలమడుగుల నడుమ ఎల్లలు చూడక తిరిగినది. తన తాత పాడిన పదము కడప ముద్రికలలో నున్నదో లేదో తెలిసికొనదలచిన ఉయ్యాలవాడ రైతు నేడు ఏ జిల్లా కచేరీలో అర్జీ పెట్టుకొనవలెను?